కాలిపోయిన 1931: డార్వెన్ తాతమ్మ కోసం వెతుకులాట

జనవరి

మా ఆయన వైపు వంశవృక్షం మొదలుపెట్టాను. వాళ్ళది లాంకషైర్‌లో డార్వెన్, బ్లాక్‌బర్న్ పక్కనే ఉండే చిన్న మిల్లు ఊరు. మామగారికి డెబ్బై దాటింది. పాత సంగతులు చెప్పడానికి ఆయన ఎప్పుడూ రెడీనే, కూర్చుని రాసిపెట్టేవాళ్ళే ఇన్నాళ్ళూ లేరు.

వెనక్కి వెనక్కి పోయి ఏ ప్రభువుగారి ఇంట్లోనో తేలాలన్న సరదా నాకు లేదు. పేర్లూ తేదీలతో చెట్టు నింపడం ఈ రోజుల్లో పెద్ద పని కూడా కాదు, వెబ్‌సైట్లే "వీరు మీ పూర్వీకులు కావచ్చు" అంటూ వెంటపడతాయి. నాకు కావలసింది ఒక్క మనిషి బతుకు. ఆవిడ మామగారికి నాయనమ్మ, మా ఆయనకి తాతమ్మ. మిల్లులో నేతపని చేసింది. నేను పుట్టింది మంగళగిరిలో మగ్గాల ఇంట్లో, అందుకే చూపంతా ఆవిడ మీదే పడింది. బంధువులు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి ఈ డైరీలో పేర్లు రాయను. తాతమ్మ అంటే ఆవిడే అనుకోండి.

మామగారు చెప్పినవాటిలో రెండు రాసుకున్నాను. ఒకటి, ఆవిడ ముసలితనంలో కూడా గొంతు లేకుండా మాట్లాడేదట. షెడ్డులో వందల మగ్గాల మోతకి ఎదుటి మనిషి మాట వినపడదు. అందుకని నేతగత్తెలు పెదాలు బాగా సాగదీసి, చేతులు తిప్పుతూ మాట్లాడుకునేవాళ్ళు, అవతలివాళ్ళు పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్ళు. తాతమ్మ చర్చిలో పాస్టరుగారి ప్రసంగం నడుస్తుండగానే నాలుగు వరసల అవతల కూర్చున్న స్నేహితురాలితో ఊరి కబుర్లన్నీ చెప్పుకునేదట.

రెండోది, "మా నాయనమ్మ గాంధీని చూసింది."

ఫిబ్రవరి

చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం తాతమ్మ పెళ్ళి సర్టిఫికెట్, 1923 నాటిది. వయసు 24, వృత్తి కాటన్ వీవర్. పెళ్ళికొడుకు కూడా వీవరే. ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ ఉన్నాయి. తల్లుల ఊసే లేదు. ఇంగ్లండులో పెళ్ళి రిజిస్టరులోకి తల్లి పేరు ఎక్కింది 2021 మేలో. అంతకుముందు దాదాపు రెండు వందల ఏళ్ళు ఎన్ని లక్షల పెళ్ళిళ్ళు జరిగినా తండ్రుల పేర్లతోనే సరిపెట్టారు.

ఇంగ్లండు, వేల్స్‌లో జనన మరణాల రిజిస్ట్రేషన్ 1837 జూలై 1న మొదలైంది. ఇండెక్సులో తేదీ ఉండదు, ఏడాదికి నాలుగు త్రైమాసికాలు, పక్కన రిజిస్ట్రేషన్ జిల్లా పేరు, అంతే. డార్వెన్ వాళ్ళందరూ బ్లాక్‌బర్న్ జిల్లా కిందే వస్తారు. తాతమ్మ ఇంటిపేరు ఆ చుట్టుపక్కల వీధికి పదిమందికి ఉంటుంది. 1898 చివర్లో వెతికితే అదే పేరుతో ఇద్దరు ఆడపిల్లలు కనిపించారు.

ఇక్కడ పనికొచ్చింది జనరల్ రిజిస్టర్ ఆఫీసు వాళ్ళ ఆన్‌లైన్ ఇండెక్సు. పాత ఇండెక్సులో తల్లి పుట్టింటి ఇంటిపేరు 1911 నుంచే ఉంటుంది. వీళ్ళ కొత్త ఇండెక్సులో 1837 నుంచీ ఇచ్చారు. మామగారు పాత ఉత్తరాల కట్ట వెతికి తాతమ్మ మేనమామ రాసిన ఒక కార్డు పట్టుకొచ్చారు. ఆయన ఇంటిపేరుతో ఒక పిల్ల సరిపోయింది, రెండో పిల్లని పక్కన పెట్టేశాను. ఇలాంటి వెతుకులాట చేయబోయేవాళ్ళకి నా సలహా ఒక్కటే: డబ్బు కట్టి సర్టిఫికెట్ తెప్పించే ముందు ఈ ఇండెక్సు చూడండి. ఇది చూడటానికి ఖర్చేమీ లేదు.

మార్చి

1911 సెన్సస్ దొరికింది. ఆ ఏడాది ఫారాల గొప్పతనం ఏమిటంటే, ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితమే మిగిలింది. అంతకుముందు సెన్సస్‌లలో మనకి దొరికేది గుమస్తా పుస్తకంలోకి ఎక్కించిన నకలు. ఇక్కడ తాతమ్మ నాన్నగారి చేతిరాతే ఉంది. అక్షరాలు పెద్దవి, కాస్త ఎడమకి ఒరిగినవి. ఆయన మగ్గాల ఓవర్‌లుకర్, అక్కడి భాషలో టాక్లర్. మగ్గం మొరాయిస్తే వచ్చి సరిచేసేది ఈయనే. తన ఉద్యోగం మాత్రం ఒత్తి రాసుకున్నాడు, సిరా మిగతా వాటికంటే నల్లగా ఉంది.

తాతమ్మకి అప్పుడు పన్నెండేళ్ళు. వృత్తి గడిలో ఉన్నది: టెంటర్, నేత షెడ్డు, హాఫ్ టైమ్.

హాఫ్ టైమ్ అంటే సగం పూట బడి, సగం పూట మిల్లు. ఒక వారం పొద్దున్న మిల్లు, మధ్యాహ్నం బడి, మరుసటి వారం అటుదిటు. కనీస వయసు ఒకప్పుడు ఎనిమిదే ఉండేది, తర్వాత పది, ఆపైన పదకొండు చేశారు, 1899లో పన్నెండు చేశారు. పద్ధతిని ఎత్తేయడానికి 1918లో చట్టం వచ్చింది, అది పూర్తిగా అమలయ్యేసరికి 1921. టెంటర్ అంటే వీవర్ దగ్గర చేతికింద ఉండే పిల్ల. మగ్గం కింద ఊడవడం, కండెలు అందించడం, నాడెలోకి దారం ఎక్కించడం దాని పని. ఆ దారం ఎక్కించే తీరు చదివి నాకు ఒళ్ళు జలదరించింది. నాడె చివర చిన్న రంధ్రం ఉంటుంది. నోరు దానికి ఆనించి గట్టిగా పీలిస్తే దారం బయటికొస్తుంది. ఒకే నాడెకి ఎంతమంది నోళ్ళు తగిలేవో. దుమ్మూ నూనే అన్నీ నోట్లోకే.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. "నాడెని నోట్లో పెట్టుకోవడమేంటమ్మా, ఎంగిలి కాదూ" అన్నాడు. ఒక్కో మనిషి నాలుగు మగ్గాలు చూసేదంటే ఇంకా నమ్మలేదు. "ఒక్క మగ్గానికే రెండు కాళ్ళూ రెండు చేతులూ చాలవు. ఇంతకీ ఎన్నో కౌంటు నూలు నేసేవాళ్ళు?" సెన్సస్‌లో అది రాయరు నాన్నా అంటే, "మరి రాసుకున్నదేంటి" అన్నాడు.

ఏప్రిల్

ఈ నెలంతా అదే ఫారంలో ఇంకో గడి తినేసింది. పెళ్ళయి ఎన్నేళ్ళు, పుట్టిన పిల్లలు ఎందరు, బతికున్నవాళ్ళు ఎందరు, పోయినవాళ్ళు ఎందరు అని 1911లో అడిగారు. తాతమ్మ తల్లికి పుట్టినవాళ్ళు తొమ్మిది మంది. ఉన్నవాళ్ళు ఐదుగురు. పోయినవాళ్ళు నలుగురు.

ఆ నలుగురి పేర్లు మామగారికి తెలియవు. ఆ మాటకొస్తే అంతమంది ఉన్నారనే తెలియదు. సెన్సస్ పదేళ్ళకోసారి కాబట్టి, రెండు సెన్సస్‌ల మధ్య పుట్టి పోయిన పిల్లలు ఎందులోనూ కనపడరు. తల్లి పుట్టింటి పేరుతో, బ్లాక్‌బర్న్ జిల్లాలో, పెళ్ళయిన ఏడాది నుంచి 1911 దాకా జననాలన్నీ తీశాను. తొమ్మిదీ వచ్చాయి. తర్వాత అవే పేర్లతో మరణాల ఇండెక్సు. ఇందులో చనిపోయినప్పటి వయసు ఉంటుంది. సున్నా, సున్నా, రెండు, సున్నా.

పిల్లల మరణ సర్టిఫికెట్లు పీడీఎఫ్‌లు తెప్పించాను. ఒకటి తట్టు. ఒకటి బ్రాంకైటిస్. మిగిలిన రెండూ విరేచనాలు, రెండూ ఆగస్టులోనే. ఆ రోజుల్లో లాంకషైర్ మిల్లు ఊళ్ళలో ఎండలు ముదిరితే చంటిపిల్లలు ఇలాగే పోయేవాళ్ళు. సీసాపాలు విరిగిపోవడం, మరుగుదొడ్ల దగ్గర ఈగలు, తల్లి మళ్ళీ మిల్లుకి పోవలసిరావడం, అన్నీ కలిసి. సమాచారం ఇచ్చినవారు అన్నచోట మూడింట్లో తల్లి పేరే ఉంది, పక్కన సంతకానికి బదులు ఇంటూ గుర్తు. భర్త అంత చక్కగా ఫారం నింపేవాడు, ఆవిడకి రాయడం రాదు.

పోయిన పిల్ల పేరే తర్వాత పుట్టిన పిల్లకి పెట్టారు. తాతమ్మ పేరు అలా వచ్చిందే. ఆవిడ కంటే రెండేళ్ళ ముందు అదే పేరుతో ఒక పిల్ల పుట్టి పోయింది. ఈ సంగతి మామగారికి చెబితే చాలాసేపు ఏం మాట్లాడలేదు, ఆ తర్వాత టీ పెట్టడానికి లేచారు.

మే

వెనక్కి వెళ్ళే పని చకచకా సాగింది. 1881, 1871, 1861, అన్నీ వీవర్లే. పేర్లు ఎక్కించినవాళ్ళ పుణ్యమా అని ఇంటిపేరు ఒక్కో సెన్సస్‌లో ఒక్కో రకంగా ఉంది, అందుకే పేరుతో కాకుండా వీధితో, పిల్లల పేర్ల వరసతో వెతికాను. 1861లో ఇంట్లో ఆరుగురు నేతపని మీదే బతుకుతున్నారు. ఆ ఏడాదే అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి దూది ఆగిపోయింది, లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి, 1865 దాకా కరువే. బదులుగా ఇండియా దూది తెచ్చారు. కాకినాడ రేవు పుంజుకున్నది ఆ దూది ఎగుమతులతోనే. పొట్టి పింజె, దారం ఊరికే తెగేదని ఇక్కడివాళ్ళు దాన్ని నానా తిట్లూ తిట్టుకున్నారు.

1841 దగ్గర ఆగి కూర్చున్నాను. మనుషుల పేర్లతో మిగిలిన మొదటి సెన్సస్ అది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుల్ని ఐదుకి కుదించి రాశారు, కాబట్టి ముప్ఫై అని ఉంటే ముప్ఫై నుంచి ముప్ఫై నాలుగు దాకా ఏదైనా కావచ్చు. డార్వెన్ కొండవాలు మీద ఇల్లు. ఇంటి పెద్ద వృత్తి గడిలో మూడక్షరాలు: ఎచ్.ఎల్.డబ్ల్యు.

హ్యాండ్ లూమ్ వీవర్.

ఇంగ్లండులో కూడా చేమగ్గాలు ఉండేవని చదివి తెలుసు. మా ఇంటి చెట్టులో కనపడటం వేరు. కాటన్ మగ్గాలు నేలకి దగ్గరగా, చెమ్మ ఉండే గదుల్లో పెట్టేవాళ్ళట, పొడిగాలికి పడుగు తెగిపోతుందని. మా గుంట మగ్గం సంగతీ అంతే కదా. ఈ ముసలాయన పడుచువాడుగా ఉన్నప్పుడు, 1826 ఏప్రిల్‌లో, బ్లాక్‌బర్న్, డార్వెన్ చుట్టుపక్కల చేమగ్గాల వాళ్ళు గుంపులుగా మిల్లుల మీద పడి పవర్‌లూమ్‌లు విరగ్గొట్టారు. మూడు నాలుగు రోజుల్లో వెయ్యికి పైగా మగ్గాలు పోయాయి. చాటర్‌టన్ దగ్గర సైన్యం కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. మావాడు ఆ గుంపులో ఉన్నాడా? అరెస్టయినవాళ్ళలో ఆ పేరు లేదు. అంతకుమించి నేను అనను. 1851 నాటికి ఆయన ఇంకా చేమగ్గమే, కొడుకులిద్దరూ పవర్‌లూమ్. ఒకే ఇంట్లో, ఒకే కాగితం మీద, ఒకరి కింద ఒకరు.

ఆయన పెళ్ళి బ్లాక్‌బర్న్ సెయింట్ మేరీస్‌లో, పిల్లల బాప్టిజాలు మాత్రం డార్వెన్‌లో ఆంగ్లికన్ చర్చికి చెందని ఒక చాపెల్లో. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప అందరూ చట్టరీత్యా ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్ళాడాలి, కాబట్టి ఇందులో వింతేం లేదు. లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ వాలంటీర్లు ఈ రిజిస్టర్లు ఎక్కించి ఉచితంగా పెట్టారు. మన దగ్గర రెడ్ల వంశాలూ గోత్రాలూ పిచ్చుకగుంట్లవాళ్ళు నోటికి చెప్పేవాళ్ళు. మా మగ్గాల వాళ్ళ పేర్లు తాత తండ్రి దాటితే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డార్వెన్ వాళ్ళవి మాత్రం ఆరు తరాలు తెలిసిపోయాయి.

జూన్

1921 సెన్సస్. ఏప్రిల్‌లో జరగాల్సింది, బొగ్గు గనుల గొడవ, సమ్మెల భయం వల్ల జూన్ 19కి వాయిదా పడింది. ఇందులో వయసు ఏళ్ళూ నెలలతో సహా అడిగారు, పనిచేసే కంపెనీ, పనిచేసే చోటు కూడా అడిగారు. తాతమ్మకి 22 ఏళ్ళ 7 నెలలు. వీవర్. మిల్లు పేరు ఉంది, దాని పక్కన "పని లేదు" అని ఉంది. యుద్ధం తర్వాత వచ్చిన గిరాకీ అంతా అప్పటికే కూలిపోయింది.

తాతమ్మ అన్నయ్య యుద్ధంలో ఉన్నాడు. సర్వీసు ఫైలు వెతికితే లేదు. మొదటి ప్రపంచ యుద్ధం సిపాయిల ఫైళ్ళలో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్ మీద పడ్డ బాంబులకి కాలిపోయాయి. మెడల్ కార్డు ఒక్కటి దొరికింది, ఆయనకి అది చాలు.

అసలు దెబ్బ తర్వాతి సెన్సస్‌కి తగిలింది. 1931 ఇంగ్లండు, వేల్స్ సెన్సస్ కాగితాలు మొత్తం 1942 డిసెంబరులో మిడిల్‌సెక్స్‌లోని హేస్‌లో నిల్వ ఉంచిన చోట మంటల్లో పోయాయి. బాంబులకి కాదు, మామూలు అగ్నిప్రమాదం. స్కాట్లండ్ కాగితాలు ఎడిన్‌బరోలో ఉండి బతికిపోయాయి. 1941లో యుద్ధం వల్ల సెన్ససే లేదు. అంటే 1921 తర్వాత మనిషి మనిషినీ లెక్కేసిన కాగితాలు మిగిలింది 1939 రిజిస్టర్‌కి, మళ్ళీ 1951 సెన్సస్‌కి. నాకు కావలసిన ఏడాది సరిగ్గా మధ్యలో పడింది.

జూలై, ఆగస్టు

గాంధీ సంగతి. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీ 1931 సెప్టెంబరు 25న, శుక్రవారం రాత్రి, డార్వెన్‌లో దిగాడు. స్ప్రింగ్ వేల్‌లో బస. ఇక్కడి జనానికి పనులు పోవడానికి సీమగుడ్డ బహిష్కారమూ ఒక కారణమని అందరికీ తెలుసు. వాళ్ళ ఇళ్ళలోనే వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ గోడు విన్నాడు, ఇండియాలో పేదరికం ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువని చెప్పాడు. గ్రీన్‌ఫీల్డ్ మిల్లు దగ్గర మిల్లు ఆడవాళ్ళు చుట్టూ చేరి చేతులెత్తి అరుస్తుంటే మధ్యలో శాలువా కప్పుకుని నిలబడ్డ ఫొటో మీరూ చూసే ఉంటారు.

బ్లాక్‌బర్న్, డార్వెన్ మగ్గాల మీద నేసిన సరుకులో పెద్ద భాగం పంచెలే. మనవాళ్ళు కట్టుకునే పంచెలు. 1913లో లాంకషైర్ నుంచి పోయిన సుమారు 700 కోట్ల గజాల గుడ్డలో దాదాపు 300 కోట్లు ఇండియాకే. డార్వెన్ మధ్యలో 300 అడుగుల పొగగొట్టంతో నిలబడ్డ మిల్లు పేరు ఇండియా మిల్. ఆ గిరాకీ పడిపోవడానికి బహిష్కారం ఒక్కటే కారణం కాదు. జపాన్ పోటీ, బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు, పెరిగిన దిగుమతి సుంకాలు, ప్రపంచమంతా మాంద్యం ఉన్నాయి. 1931లో ఈ చుట్టుపక్కల దాదాపు సగం మందికి పని లేదు. ఆ ఏడాది మొదట్లోనే మనిషికి నాలుగు మగ్గాలు చాలవు, ఎనిమిది చూడాలని యజమానులు పట్టుబట్టి లాకౌట్ చేశారు. అక్టోబరులో పెళ్ళయిన ఆడవాళ్ళ నిరుద్యోగ భృతికి కొత్త షరతులు పెట్టారు. పెళ్ళి తర్వాత ఇన్ని వారాలు చందా కట్టి ఉండాలన్నారు. లాంకషైర్‌లో పెళ్ళయినా మిల్లు మానని ఆడవాళ్ళు ఎక్కువ, కాబట్టి దెబ్బ ఎక్కువగా వీళ్ళకే తగిలింది. తాతమ్మ అప్పటికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు.

ఆవిడ ఆ ఏడాది ఎక్కడుందో తెలియడానికి ఓటర్ల జాబితా పట్టుకున్నాను. 1928 తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ఆడవాళ్ళందరికీ ఓటు ఉంది. ప్రెస్టన్‌లో లాంకషైర్ ఆర్కైవ్స్‌లో 1931 జాబితా తెరిస్తే ఇద్దరి పేర్లూ ఉన్నాయి, స్ప్రింగ్ వేల్ దారిలో ఒక వీధి. గాంధీ దిగిన చోటికి నడిచి వెళ్ళేంత దూరం.

ఇది చెప్పగానే మామగారు ఫొటో ముందేసుకుని కూర్చున్నారు. రెండో వరసలో, చెయ్యెత్తిన ఒకావిడ. "ఇదిగో, ముక్కు చూడు." నేను చూశాను. ముక్కు ఎవరిదైనా కావచ్చు. 1921లో ఆవిడ పనిచేసింది వేరే మిల్లులో, 1931లో అసలు పనుందో లేదో తెలియదు. పక్కవీధిలో ఉంది కాబట్టి చూసి ఉండొచ్చు, ఊరంతా చూసింది. ఫొటోలో ఉందనడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. చెట్టులో ఆ గడి దగ్గర ఇలా రాశాను: "1931 సెప్టెంబరు, డార్వెన్‌లో గాంధీని చూసినట్టు మనవడు చెప్పిన మాట. నివాసం: స్ప్రింగ్ వేల్ దారి, ఓటర్ల జాబితా. ఫొటో: ఆధారం లేదు." మామగారికి ఆ చివరి మాట నచ్చలేదు. అది తీసేయమని మా ఆయనతో రాయబారం పంపారు. తీయలేదు.

నాన్నకి మాత్రం గాంధీ కంటే పంచెల సంగతే పట్టింది. "మా తాత మగ్గం ఆపేసి కూలికి పోయాడని మా నాయన చెప్పేవాడు. మిల్లు పంచె అంత చవగ్గా వస్తే ఎవడు కొంటాడు మన గుడ్డ" అన్నాడు. ఆ పంచె ఎవరు నేశారో ఇప్పుడు నాకు తెలుసు అని అందామనుకున్నా. అనలేదు. ఆవిడకి పన్నెండేళ్ళు.

సెప్టెంబరు

1939 రిజిస్టర్, ఆ ఏడాది సెప్టెంబరు 29 రాత్రిది. రేషన్ కార్డులూ గుర్తింపు కార్డులూ దీని మీదే ఇచ్చారు. పుట్టినతేదీ పూర్తిగా ఉంటుంది, తాతమ్మది బర్త్ సర్టిఫికెట్‌తో అచ్చంగా సరిపోయింది. వృత్తి గడిలో "అన్‌పెయిడ్ డొమెస్టిక్ డ్యూటీస్". అప్పుడు గృహిణులందరికీ అలాగే రాశారు, అందులో ఆవిడ ఇష్టం ఏమీ లేదు. భర్త వీవర్ కాదు, కాగితం మిల్లులో కూలీ. 14 ఏళ్ళ కొడుకు కనిపిస్తున్నాడు, పుట్టి వందేళ్ళు దాటినందువల్ల ఆ వరస తెరిచారు. దాని కింద కూతురి వరస మీద ఇంకా నల్లపట్టీ ఉంది.

1923లో వీవర్, 1939లో కాదు. ఎప్పుడు మానేసిందో తేల్చాలి. నేతపనివాళ్ళ యూనియన్ పుస్తకాలు కూడా ప్రెస్టన్‌లోనే ఉన్నాయి. వారం వారం చందా కట్టినవాళ్ళ పేర్లు, సాయం అందుకున్నవాళ్ళ పేర్లు వాటిలో ఉంటే 1929 నుంచి 1933 దాకా వరసగా తిరగేస్తే ఆవిడ చందా ఆగిపోయిన వారం దొరకొచ్చు. కేటలాగ్ నంబర్లు రాసుకుని అక్టోబరుకి సీటు అడిగాను. రీడింగ్ రూములో పెన్నులు ఒప్పుకోరు, పెన్సిలే. మామగారు తనూ వస్తానంటున్నారు, ఫొటో పట్టుకుని.